బహుమానము – కృషి

కృషికి బహుమానము భూషణమే కాని ప్రాణము కాదు. 1928వ సంవత్సరమున చంద్రశేఖర వేంకటరామన్ గారు కాంతి పరిక్షేపణమును గూర్చి యొక నూతన సత్యమును కనుగొనిరి. 1930లో నోబెల్ బహుమానము వారిని వరించెను. ఆ గౌరవము భారతీయ యువకులకు విజ్ఞానశాస్త్రమునందు ఉత్సాహము కలిగించెను. కావున బహుమానములు నిష్ప్రయోజనములనుట పొరపాటు.

అయినను, బహుమానము రానిచో కృషి వ్యర్థమనుట అంతకంటె పెద్ద పొరపాటు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండు మారులు తప్పి, మూడవ మారు ఉత్తీర్ణులైరి. పిమ్మట అమెరికా కేగి పరిశోధనాలయమున రేయింబవళ్లు శ్రమించిరి. వారి నాయకత్వమున వెలువడిన ఔషధములలో బోదవ్యాధికి వాడు డైఇథైల్ కార్బమజీన్ ఒకటి. వారికి నోబెల్ బహుమానము లభింపలేదు, 1948లో కీర్తిశేషులైరి. ఆ మందు మాత్రము నేటికిని మన దేశమున బోదవ్యాధి నివారణకై గ్రామగ్రామమున పంచిపెట్టబడుచున్నది. రోగి బాధ తీరుటకంటె మించిన పతకమేది?

బహుమానము నిచ్చువారు యోగ్యుల నందరిని గుర్తింపజాలరు. కనుక పతకము పొందినవాడు వినయమును, పొందనివాడు ధైర్యమును విడువరాదు. పరీక్షలో తప్పిన సహపాఠిని జూచి నవ్వువారు సుబ్బారావుగారిని ఒక్కమారు స్మరింపవలెను.