రాళ్లెక్కే జీపు, రాళ్లు కరిగిన ఊరు

సినిమాలో హీరోగారి జీపు గాల్లోకి ఎగురుతుంది. నిజంగా రాళ్లెక్కే జీపు నత్తలా పాకుతుంది. మజా అంతా అందులోనే! మాదాపూర్ మిత్రుడొకాయన పాత మారుతీ జిప్సీ కొని, వస్తూనే లావుపాటి టైర్ల బేరం పెట్టాడు.

"ముందు డిఫరెన్షియల్ లాకు చూడవోయ్" అన్నాను. ఒక చక్రం గాల్లో తేలితే అదొక్కటే ఊరికే గిర్రున తిరుగుతుంది, బండి కదలదు. లాకు వేస్తే రెండూ కలిసే తిరగాలి. నేలమీదున్నది రాతిని పట్టుకుంటుంది. అన్నట్టు, కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టారాజ్యంగా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది సుమండీ!

"సరే, గుట్ట ఏదీ?" అన్నాడాయన. 250 కోట్ల ఏళ్లనాటి గ్రానైటు! 1998లో సైబర్ టవర్స్ వెలిశాక ఈ పక్క గుట్టలెన్నో పేలిపోయి మేడలు లేచాయి. దుర్గం చెరువు ఒడ్డున మిగిలినవి చూసుకోడానికే. వాటిమీదికి బండి తోలితే నేనే అడ్డం పడుకుంటాను!