లడ్డూగాడికి గుండు

"అంత అందమైన బొచ్చు పెట్టుకుని గుండు కొట్టిస్తావా? మనసెలా ఒప్పింది గురూ?"

ఫోనులో మా లడ్డూగాడి గుండు ఫొటో చూసిన ప్రతివాడూ అడిగే ప్రశ్న ఇది. ఆఫీసులో ఒకామె అయితే రెండు రోజులు నాతో మాట్లాడలేదు కూడా. అందరికీ విడివిడిగా సంజాయిషీ ఇచ్చుకునే ఓపిక లేక, ఒకేసారి ఇక్కడ రాసేస్తున్నా. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి. అయితే గుండు కొట్టించినందుకు కాదు, అంతకు ముందు చేసినదానికి.

లడ్డూ అంటే మా గోల్డెన్ రిట్రీవర్. 2020 లాక్‌డౌన్‌లో అందరూ ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని సొంతూళ్ళకి పోయారు చూడండి, అప్పుడు కొన్నాను. మా ఊరు సంగం, నెల్లూరు జిల్లా. పెన్న ఒడ్డున సంగమేశ్వరుడి గుడి, తెల్లదొరల కాలం నాటి ఆనకట్ట, దాని బదులు 2022 సెప్టెంబరులో ప్రారంభమైన బ్యారేజీ. పగలంతా కాల్స్, సాయంత్రం అయితే నేనూ వాడూ కాలవ గట్టు మీద. వాడు కాలవలో దూకడం, బయటికొచ్చి ఆ నీళ్ళన్నీ నా మీద దులపడం. ఇంటికి రాగానే తువ్వాలుతో తుడిచి, ఫ్యాను కింద కూర్చోబెట్టి, ఒళ్ళంతా ఆరేదాకా దువ్వేవాణ్ణి. కుక్కని పెంచడంలో అసలు పని అదేనని నాకప్పుడు తెలీదు. ఏదో కాలక్షేపం అనుకున్నా.

2022లో ఆఫీసుకి రమ్మన్నారు. బెంగుళూరులో ఇరుకు ఫ్లాటు, పొద్దున పోతే రాత్రికి రావడం. "ఊళ్ళో అయితే స్వేచ్ఛగా తిరుగుతాడు, అమ్మానాయనలకీ తోడుంటాడు" అని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకుని వాణ్ణి సంగంలో వదిలేసి వచ్చా. ప్రాజెక్టు మారేటప్పుడు నలభై పేజీల నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ డాక్యుమెంటు రాసే మనిషిని... లడ్డూ గురించి అమ్మకి చెప్పింది ఒక్క ముక్క. "రోజూ కాస్త దువ్వుమా" అని. అంతే.

అమ్మ దువ్వింది. రోజూ దువ్వింది. ఆదివారం వీడియో కాల్‌లో చూస్తే వాడి వీపు పట్టుచీరలా మెరుస్తుండేది. డాష్‌బోర్డు మొత్తం పచ్చగా ఉందన్నమాట :)

2023 సంక్రాంతికి పోయినప్పుడు వాడు పరిగెత్తుకు రాలేదు, మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు. బాగా తిని ఒళ్ళు చేశాడేమో అనుకున్నా. మెడ చుట్టూ చెయ్యి వేసి చెవి వెనక గోకబోతే వేళ్ళు లోపలికి పోలేదు. కొబ్బరి పీచు తొక్కి తొక్కి గట్టిపడితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. చంకల్లో, పొట్ట కింద, తొడల మధ్య, తోక మొదట్లో, మెడపట్టీ కింద అంతా అదే. పైన చూస్తే వెంట్రుకలు, అడుగున చూస్తే చాప! కాలు ముందుకి వేసినప్పుడల్లా చంకలో చర్మం లాగేస్తోంది. వాడి మెల్లనడకకి కారణం అది.

ఇలా ఎందుకవుతుందంటే, గోల్డెన్ లాంటి కుక్కలకి బొచ్చు రెండు పొరలు. పైన పొడుగ్గా గరుకు వెంట్రుకలు, అడుగున దూదిలాంటి మెత్తటి పొర. ఆ అడుగు పొర ఎప్పటికప్పుడు రాలుతుంది, కానీ రాలింది కింద పడదు, పై వెంట్రుకల్లో చిక్కుకుని అక్కడే ఉంటుంది. దానికి తడి తగిలి, రాపిడి తోడైతే ఉన్ని కంబళిలా పెనవేసుకుని జడలు కడుతుంది. మావాడికి రెండూ పుష్కలం. రోజూ కాలవలో మునక, ఆరబెట్టేవాళ్ళు లేరు, పైగా మాకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. అమ్మ దువ్వెన పై పొర మీదే జారిపోయింది, అడుగుదాకా ఏనాడూ దిగలేదు. దిగాలని ఆమెకి చెప్పినవాడు ఎవడు కనుక!

ఇక నా తెలివితేటలు చూడండి. మొదటి పని, వాణ్ణి బావి దగ్గరికి తీసుకుపోయి షాంపూతో రుద్ది రుద్ది స్నానం చేయించా, మెత్తబడతాయి కదా అని. జడలు కట్టిన బొచ్చు తడిస్తే ఆరేకొద్దీ ఇంకా బిగుసుకుంటుంది, చర్మాన్ని ఇంకా లాగుతుంది. ముందు చిక్కు తీయాలి, తర్వాతే నీళ్ళు. రెండో పని ఇంకా ఘోరం, కత్తెర తీసుకున్నా. ఉండని పట్టి పైకి లాగితే దాంతోపాటు చర్మం కూడా మడతపడి లేస్తుంది, ఎక్కడ బొచ్చు అయిపోయి ఎక్కడ చర్మం మొదలైందో కంటికి తెలీదు. చంకలో చర్మం తెగింది. లడ్డూ ఒక్క అరుపు అరిచి మంచం కింద దూరాడు. అన్నం పెట్టినా రాలేదు. నన్ను చూసి వాడు భయపడటం అదే మొదలు.

నిజం చెప్పాలంటే అప్పటికీ నా బాధ సగం బొచ్చు గురించే. ఎంతో అందమైన బొచ్చు, ఒక్కొక్క ఉండా విప్పుకుంటూ పోతే దక్కదా అని. నాలుగు రోజుల సెలవులో రోజుకి మూడు గంటలు చొప్పున... ఎక్సెల్ షీటు తప్ప అన్నీ వేసుకున్నా. మా నాయన అరుగు మీద కూర్చుని వింటున్నాడు.

"ఏందిరా నీ గొడవ? కొండకి పోయి మనం గుండు కొట్టించుకోమా? జుట్టు పోతే మళ్ళా రాదా?" అన్నాడు.

మర్నాడు నెల్లూరులో కుక్కల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. ఆయన చెవి వెనక తడిమి చూసి, "బొచ్చు కావాలా, కుక్క కావాలా?" అని ఒకే ఒక ప్రశ్న అడిగాడు. మేలుకుని ఉండగా తట్టుకోలేడని మత్తిచ్చి, చర్మాన్ని సాగదీసి పట్టుకుని, జడకీ చర్మానికీ మధ్య సన్నటి పదో నంబరు బ్లేడు ఉన్న క్లిప్పరు పోనిచ్చారు. మధ్యమధ్యలో బ్లేడు వేడెక్కిందేమో అని మణికట్టు మీద ఆనించి చూసుకుంటూ, ఆపుకుంటూ. బొచ్చు ముక్కలుగా రాలలేదండీ, మేకతోలు ఒలిచినట్టు ఒకే చాపలా ఊడొచ్చింది.

అడుగున చర్మం ఎర్రగా, చెమ్మగా, వాసన. గాలి సోకక ఎన్ని నెలలైందో. పిడుదులు గుంపులుగా. ఇంకొన్నాళ్ళు పోతే ఈగలు గుడ్లు పెట్టి పురుగులు పట్టేవని డాక్టరు చెప్పాడు. అమ్మ ఆ చర్మం చూసి గోడకి తిరిగి ఏడ్చింది. "రోజూ దువ్వాను కదరా... రోజూ దువ్వాను" అని. ఆ మాట నా చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు. తప్పు ఆమెది కాదని ఎన్నిసార్లు చెప్పినా ఆమె నమ్మలేదు.

అందుకని నా అభిప్రాయం ఇది. జడలు చర్మందాకా దిగిపోయాక విప్పడానికి కూర్చోవడం కుక్క మీద ప్రేమ కాదు, మన ఫొటో మీద ప్రేమ. ఒక్కో ఉండా లాగుతున్నంతసేపూ నొప్పి వాడిది, మురిపెం మనది. వేళ్ళ మధ్య విడిపోయే చిన్న ఉండలైతే కూర్చుని విప్పండి, తప్పులేదు. దువ్వెన పళ్ళు చర్మానికీ జడకీ మధ్య దూరనప్పుడు మాత్రం తీసేయించడమే దయ. మన భాషలో చెప్పాలంటే, ప్యాచ్‌లు వేసి బాగు చెయ్యలేని కోడుని తీసి కొత్తగా రాసుకుంటాం కదా, అదే.

అలాగని "ఓహో, అయితే ప్రతి ఎండాకాలం గుండు కొట్టిస్తే చల్లగా ఉంటుంది" అనుకోకండి, అది రెండో అతి. శుభ్రంగా దువ్విన రెండు పొరల బొచ్చు ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాపాడుతుంది. గొరిగేస్తే చర్మం మాడుతుంది, కొన్నిటికి బొచ్చు మళ్ళీ సరిగ్గా రాదు కూడా. మావాడికి నడుము దగ్గర ఇప్పటికీ ఎగుడుదిగుడే. గుండు అనేది వైద్యం, వేసవి ఫ్యాషన్ కాదు. తీయించాక కూడా పని ఉంది. కొన్నాళ్ళు ఎండలో తిప్పకూడదు. బరువు పోయిన చెవుల్ని అదేపనిగా దులుపుకుంటే లోపల రక్తం గడ్డకట్టి ఉబ్బుతాయి, ఆ రెండు మూడు రోజులూ కనిపెట్టుకుని ఉండాలి.

ఇంకో మాట. మా నెల్లూరు గొర్రెని చూశారా ఎప్పుడైనా? గొర్రే, కానీ ఒంటిమీద ఉన్ని దాదాపు ఉండదు, పొట్టి వెంట్రుకలే. బ్రెజిల్‌లో "నెలోర్" అని పిలిచే పశువులు మా ప్రాంతం నుంచి పోయినవే, వాటికీ నున్నటి పొట్టి తెల్లటి వెంట్రుకలే. మా ఎండకి గొర్రె కూడా ఉన్ని వద్దనుకున్న చోటికి, స్కాట్లాండులో చల్లటి నీళ్ళలోంచి వేటపక్షుల్ని పట్టుకొచ్చేందుకు తయారు చేసిన కుక్కని తెచ్చి పెట్టాను నేను. 1994లో "హమ్ ఆప్కే హై కౌన్" వచ్చాక తెల్ల బొచ్చుకుక్క, 2003లో హచ్ ప్రకటన వచ్చాక పగ్గు, ఇప్పుడు రీల్స్ చూసి హస్కీ. కుక్కలు మారుతున్నాయి, మనం మారడం లేదు.

"అయితే అసలు బొచ్చుకుక్కలే పెంచొద్దంటావా?" అంటే, కొత్తగా కొనబోయేవాళ్ళకి అవుననే అంటా. వీధిలో పుట్టిన పిల్లని తెచ్చుకోండి, మన ఎండకి పుట్టిందే అది. కానీ ఇప్పటికే ఇంట్లో ఉన్నవాటి సంగతి? ముఖ్యంగా నాలాగా, ఉద్యోగం కోసం నగరానికి వచ్చేసి కుక్కని అమ్మానాన్నల దగ్గర వదిలినవాళ్ళ కుక్కల సంగతి? మనం వదిలింది కుక్కని మాత్రమే కాదు, రోజుకో అరగంట పనిని. మోకాళ్ళ నొప్పులున్న అరవై ఏళ్ళ మనిషి చేతిలో, చెప్పకుండా పెట్టి వచ్చాం. డబ్బులు పంపిస్తున్నాం కదా అంటే, దువ్వెన గూగుల్ పేలో పోదండీ.

నేను చేసింది చెప్తా. ఆ సంక్రాంతికి ఇంకో వారం సెలవు పెట్టా. ఇనప దువ్వెన, వంకర పళ్ళ స్లికర్ బ్రష్ కొనిచ్చి, పాయ తీసి చర్మం కనపడేలా పట్టుకుని అడుగు నుంచి కొసకి ఎలా దువ్వాలో అమ్మకీ నాయనకీ చూపించా. ఏడాది ముందు చెయ్యాల్సిన పని. కాలవలో దిగిన రోజు ఆరబెట్టకుండా పడుకోనివ్వకూడదని నాయన రూలు పెట్టాడు. పొట్ట కిందా తొడల మధ్యా చిన్నగా కత్తిరించడానికి రెండు నెలలకోసారి నేనే పోతున్నా. ఎగ్గొట్టిన నెలలూ ఉన్నాయి, ఒప్పుకుంటా.

ఇప్పుడు ఆదివారం కాల్‌లో అమ్మ వాడి వీపు చూపించదు. ఫోను చెవి వెనక పెట్టి, దువ్వెన అడుగుదాకా దింపి, "చూడు, తగులుతా ఉందా?" అంటుంది. తగులుతోంది.

మీ ఇంట్లో బొచ్చుకుక్క ఉంటే, ఇవాళ సాయంత్రం చెవి వెనక ఒకసారి వేళ్ళు పెట్టి చూడండి. ఊళ్ళో ఉంటే ఫోన్ చేసి చూడమనండి. వీపు కాదు, చెవి వెనక.