ముందు గడ్డి, తరువాత గేదె

గోదావరి డెల్టాలో ఎకరము, రెండెకరముల భూమి గల రైతు ఆదాయమును పెంచుకొనదలచినపుడు సాధారణముగా మొదట చేయు పని అప్పు తెచ్చి ఒక ముర్రా గేదెను కొనుట. గేదె ఇంటికి వచ్చిన తరువాత దానికేమి పెట్టవలెనని ఆలోచించును. ఈ వరుస తలక్రిందులుగా నున్నదని నా అభిప్రాయము. ముందు గడ్డి నాటవలెను. ఆ గడ్డి కోతకు వచ్చిన తరువాత గేదెను తేవలెను. ఇట్లు చెప్పుటకు గల కారణములను ఇక్కడ వివరించుచున్నాను. చదివి, మీ ఇంటి లెక్కతో సరిచూచుకొనండి.

పచ్చిమేత ఎట్లు తగ్గినది?

1847లో ప్రారంభమై 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట వలన ఈ ప్రాంతము వరికి పుట్టినిల్లయినది. కాని వరితో పాటు పశువుల మేతకు కూడ మన పెద్దలు ఒక ఏర్పాటు చేసికొనియుండిరి. సార్వా వరి కోతకు కొద్ది దినములు ముందు, చేలో తడి ఉండగనే, పిల్లిపెసర విత్తనమునో, జనుము విత్తనమునో వెదజల్లెడివారు. వరి కోసిన తరువాత ఆ పైరు నేలలోని తేమతోనే పెరిగి, వేసవి వచ్చు వరకు పశువులకు పచ్చిమేత నిచ్చెడిది. మిగిలినది దున్నగా పచ్చిరొట్ట ఎరువగుచుండెను. ఒక్క విత్తనపు ఖర్చుతో మేతయు, ఎరువును లభించెడివి.

తరువాత నీటి వసతి గల చోట్ల దాళ్వా వరి వచ్చినది. నీరు లేని చోట్ల మినుము వచ్చినది. పశ్చిమ డెల్టాలో అనేక గ్రామములలో చేలు చేపల చెరువులుగా మారినవి. వరికోత యంత్రములు వచ్చిన పిమ్మట గడ్డి చేలో చెదరిపోవుచున్నది. కొందరు దానిని తగులబెట్టుచున్నారు. ఈ మార్పులలో ప్రతియొకటియు రైతుకు ఏదో యొక లాభము చూపినదే. అందువలన వాటిని తప్పు పట్టుట లేదు. కాని వీటన్నిటి వలన పశువు పళ్లెము ఖాళీ అయినది. ఆ నష్టమును ఎవరును లెక్క వ్రాయలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్లు పిల్లిపెసరను మనమే మరచిపోయితిమి. నేడు పాడి రైతు ఆ లోటును బజారు నుండి తవుడు, తెలగపిండి, దాణా బస్తాలు కొని తీర్చుచున్నాడు. కొన్నది వంకాయ, కొసరినది గుమ్మడికాయ అన్న సామెత అతనికి సరిపోవును.

ఎండుగడ్డిని నమ్ముకొని పాడి చేయరాదు

వరిగడ్డి కడుపు నింపును గాని పాలనివ్వదు. దానిలో మాంసకృత్తులు నూటికి మూడు, నాలుగు పాళ్లకు మించి ఉండవు. అవి కూడ పశువుకు సరిగా జీర్ణము కావు. దానిలోని ఆక్సలేటులు పశువు శరీరమునకు సున్నము అందకుండ చేయును. కేవలము వరిగడ్డి తిను గేదెకు రెండు విధముల కీడు కలుగును. మొదటిది, పాలు తగ్గుట. రెండవది, సకాలములో ఎదకు రాకపోవుట. మొదటిది ఆ దినముననే తెలియును. రెండవది ఏడాది తరువాత గాని తెలియదు. అసలు నష్టము ఈ రెండవదానిలోనే యున్నది.

లెక్క చూడండి. గేదె చూలు కాలము సుమారు 310 దినములు. ఈనిన తరువాత మూడు నెలలలో చూలు కట్టినచో పదమూడు పదునాలుగు నెలల కొకమారు ఈనును. మేత చాలని గేదె పద్దెనిమిది నెలలకు గాని ఈనదు. నాలుగున్నర సంవత్సరములలో, అనగా 54 నెలలలో, పదమూడున్నర నెలల కొకమారు ఈను గేదె నాలుగు ఈతలు ఈనును. పద్దెనిమిది నెలల గేదె మూడే ఈనును. ఒక పూర్తి ఈత పాలు, ఒక దూడ నష్టము. ఈ కాలములో వట్టిపోయిన గేదె మేత మానదు. బ్యాంకు వాయిదా కూడ ఆగదు. పాడి పెట్టి చెడినామని చెప్పు కుటుంబములలో పెక్కింటి కథ ఇదియే. అప్పు తీర్చుటకు గేదెనే అమ్ముకొందురు.

ఎద విషయములో ఇంకొక మాట. వేసవిలో గేదెలు మూగ ఎదకు వచ్చును. అరవవు, తీగలు కొద్దిగా మాత్రమే కనిపించును. కనుక తెల్లవారుజామునను, రాత్రి పడుకొనబోవు ముందును చూచుట అలవాటు చేసికొనవలెను. ఉదయము ఎద కనిపించినచో సాయంకాలము, సాయంకాలము కనిపించినచో మరునాటి ఉదయము సూది వేయించవలెను. ఒక ఎద తప్పినచో 21 దినములు పోయినట్లే. ఈ కాపలా సాధారణముగా ఇంటి ఆడవారే చేయుదురు. అందువలన పశువైద్యుల సలహా సమావేశములకు మగవారు మాత్రమే వచ్చుట వలన ప్రయోజనము సగమే.

ఎంత గడ్డి? ఎంత నేల?

పాలిచ్చు గేదెకు దినమునకు 25 కిలోల పచ్చిమేత కావలెను. సంవత్సరమునకు ఇది సుమారు తొమ్మిది టన్నులు. నీటి వసతి, ఎరువు ఉన్న నేలలో సంకర నేపియరు గడ్డి ఎకరమునకు సంవత్సరములో 80 టన్నుల వరకు సులభముగా ఇచ్చును. అనగా సెంటుకు 800 కిలోలు. ఈ లెక్కను ఒక గేదెకు పదకొండు, పన్నెండు సెంట్లు చాలును. రెండు గేదెలకు 25 సెంట్లనుకొందము.

అయితే గడ్డిజాతి మేత ఒక్కటే పెట్టరాదు. మూడింట రెండు వంతులు గడ్డిజాతి, ఒక వంతు పప్పుజాతి ఉండవలెను. పిల్లిపెసర, బొబ్బర, జనుము ఇందుకు పనికివచ్చును. సుమారు పది కిలోల పచ్చి పప్పుజాతి మేత ఒక కిలో దాణా చేయు పని చేయును. నీరు నిలుచు పల్లపు నేలలలో నేపియరు కుళ్లిపోవును. అట్టి చోట పారాగడ్డి నాటవలెను. మేత జొన్న వేయువారు లేత పైరును, ఎండకు వాడిన పైరును పశువులకు వేయరాదు, దానిలో విషముండును. పూత దశలో కోసినచో భయము లేదు.

"ఉన్నది ఎకరమైతే అందులో పాతిక సెంట్లు గడ్డికిచ్చి మేమేమి తినవలెను?" అని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. ఆ పాతిక సెంట్లలో దాళ్వా బాగుగ పండినచో పది బస్తాల ధాన్యము వచ్చును. అందులో దమ్ము, నాట్లు, ఎరువులు, కోత ఖర్చు తీసివేసిన మిగులు ఎంతో మీకే తెలియును. అదే నేలలో రెండు గేదెలకు ఏడాది పొడవున పచ్చిమేత లభించును. ఏటా మీరు కొను దాణా బస్తాల వెలను ఆ మిగులు ప్రక్కన వ్రాసి చూడండి. ఏ ఊరి ధరలతో వేసినను ఈ లెక్క గడ్డి వైపునకే మొగ్గునని నా నమ్మకము.

కాలువలు కట్టివేయు వేసవి దినములకు ముందుగనే జాగ్రత్త పడవలెను. మొక్కజొన్నను పాలకంకి దశలో కోసి, ముక్కలు చేసి, గాలి చొరకుండ త్రొక్కి పాతర వేసినచో 45 దినములకు మంచి పాతరగడ్డి తయారగును. ఎండుగడ్డి తప్పనిసరియైనపుడు 100 కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను 50 లీటర్లకు పైగా నీటిలో కరగించి, పొరలు పొరలుగా చల్లి, మూడు వారములు గాలి తగులకుండ కప్పి ఉంచవలెను. తీసిన గడ్డిని కొంతసేపు ఆరబెట్టి పెట్టవలెను. ఆరు నెలల లోపు దూడలకు దీనిని పెట్టరాదు. యూరియా నీటిని పశువులు త్రాగకుండ చూడవలెను; అది ప్రాణాపాయము.

పేడ విలువ, పందిరి విలువ

పాడిని కూరగాయల నుండి విడదీసి చూచుట ఇంకొక పొరపాటు. ఒక గేదె దినమునకు సుమారు 15 కిలోల పేడ వేయును. రెండు గేదెల పేడ ఏడాదికి పదకొండు టన్నులు. నీడలో గుంట తీసి, సాలలోని చెత్తయు, మూత్రముతో తడిసిన గడ్డియు కలిపి మాగవేసినచో నాలుగైదు టన్నుల చివికిన ఎరువు లభించును. అరెకరము కూరగాయలకు ఇది చాలును. ఎండకు ఎండి, వానకు కరగు పెంటదిబ్బలో మాత్రము సారములో చాల భాగము వృథా యగును.

లంక భూములలోను, మెరక చేలలోను బీర, కాకర, దొండ, వంగ, బెండ మన రైతులు చక్కగ పండించుచున్నారు. 1986 ఆగస్టు వరదను చూచినవారికి, 2022 జూలై వరదను చూచినవారికి లంకలలో వానకాలపు పంట ఎంత అపాయకరమో చెప్పనక్కరలేదు. వరద తీసిన తరువాత మొదలు పెట్టు పంటనే నమ్ముకొనవలెను. అప్పుడును అందరు ఒకే వారములో ఒకే పంట వేయుట వలన మడికి సంతకు కాయలు ఒక్కసారే చేరి ధర పడిపోవుచున్నది. ఉన్న అరెకరమును మూడు, నాలుగు మడులుగా చేసి, పదునైదు దినముల ఎడముతో విత్తినచో ధర పడిన వారము నష్టమును ధర లేచిన వారము పూడ్చును.

ఒక హెచ్చరిక. మందు చల్లిన కూరగాయల ఆకును, ఏరివేసిన కాయలను గేదెలకు వేయకండి. ఆ మందు పాలలోనికి వచ్చును. ఆ పాలను మొదట త్రాగునది మీ బిడ్డలే. బీర, కాకర తోటలలో పండుఈగకు ఎర బుట్టలు కట్టుట, వంగలో పుచ్చిన కొమ్మలను త్రుంచి నాశనము చేయుట వంటి పనుల వలన మందుల వాడకము చాల తగ్గును.

వరి డబ్బు ఏడాదికి రెండుసార్లు వచ్చును. పాల డబ్బు పది, పదునైదు దినములకు వచ్చును. కూరగాయల డబ్బు కోసిననాడే వచ్చును. ఈ మూడును కలిసిననాడు చిన్న రైతు ఎరువుల కొట్టు వద్ద అప్పు వ్రాయించవలసిన అవసరము తగ్గును. అధికాదాయ మనగా నా ఉద్దేశములో మొదట ఇదియే.

కౌలు రైతు సంగతి

ఇంతవరకు చెప్పినది భూమి గలవారికి. డెల్టాలో సేద్యము చేయువారిలో కౌలుదారులు ఎక్కువ. నేపియరు ఒకసారి నాటిన మూడు, నాలుగేండ్లు ఉండు పైరు. ఏడాది కౌలుకు చేయువాడు దానిని ఎట్లు నాటగలడు? 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము క్రింద ఇచ్చిన పత్రములు సైతము 11 నెలలకే. అందువలన పచ్చిమేత సలహా విని, తల ఊపి, ఇంటికి పోయి మరల దాణా బస్తా కొనువాడు సోమరి కాడు. అతనికి నేల లేదు.

దీనికి నా సూచనలు మూడు. కౌలుదారులు ఏడాదిలో ముగియు బొబ్బర, మేత జొన్న, పిల్లిపెసరలను వేసికొనవలెను. దాళ్వా వేయని చేలలో పిల్లిపెసర చల్లుటకు భూస్వాములు అభ్యంతరము చెప్పరాదు. నేల బలము పెరుగునది వారికే. మూడవది గ్రామాధికారుల చేతిలో నున్నది. ఆక్రమణలలో చిక్కుకొనని పంచాయితీ భూములలో కొంత భాగమును పచ్చిమేతకై కేటాయించి, నేల లేని పాడి కుటుంబములకు వరుసవారీగ కోతకు ఇచ్చు విషయము గ్రామసభలో చర్చింపదగినది. కాలువ గట్ల గడ్డి విషయములో నీటిపారుదల శాఖవారి అనుమతి ముందుగ పొందవలెను. గట్టును త్రవ్వుట మాత్రము ఎన్నటికిని కూడదు.

గ్రామములలో పనిచేయు వ్యవసాయ, పశుసంవర్ధక సహాయకులకు ఒక మనవి. గేదె అప్పునకు దరఖాస్తు వచ్చినపుడు, "మీ గడ్డి మడి ఎక్కడ?" అని మొదట అడుగండి. మడి లేనిచో దరఖాస్తును త్రోసివేయనక్కరలేదు. గడ్డి కణుపులు ఇప్పించి, రెండు, మూడు నెలల తరువాత రమ్మని చెప్పండి. ఆ వ్యవధిలో నేపియరు మొదటి కోతకు వచ్చును. విత్తనములు, కణుపులు, పాతర వేయు విధానములకు ఉండి, వెంకట్రామన్నగూడెం కృషి విజ్ఞాన కేంద్రముల శాస్త్రవేత్తలను సంప్రదింపవచ్చును.

రైతు సోదరీ సోదరులారా! ఈ సంవత్సరము గేదెను కొనదలచినచో కొనండి. కాని కొనుటకు మూడు నెలల ముందు పది, పన్నెండు సెంట్ల నేలను దున్నించి, మూడడుగుల ఎడముతో బోదెలు తీసి, గడ్డి నాటించండి. సార్వా కోతకు ముందు ఒక మడిలో నైనను పిల్లిపెసర చల్లి చూడండి. ఖర్చు స్వల్పము. ఫలితమును మీ గేదెయే మీకు చెప్పును.