పైకి లాగేదెవరు?

మన కాలేజీ ప్రాజెక్టు బోర్డుల్లో ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 5 వోల్టుల ఆర్డువినోకీ 3.3 వోల్టుల సెన్సారుకీ మధ్య లెవెల్ ట్రాన్స్‌లేటరు ఉంటే చాలు, దాని పక్కన 4.7 కిలో ఓముల పులప్ రెసిస్టర్లు బారులు తీరి ఉంటాయి. ఎందుకయ్యా అంటే "సీనియర్లు పెట్టారండీ" అంటారు. ఉంటే పోయేదేముందని ధీమా. పోయేది చాలా ఉందనే నా వాదన.

మిత్రులారా, ముందు వేసుకోవలసిన ప్రశ్న ఇది: ఈ తీగని '1' స్థాయికి, అంటే పైకి, లాగేదెవరు?

పూర్వం మన పల్లెల్లో ఏతాం ఉండేది. మనిషి బానని బావిలోకి దించుతాడు. నిండిన బానని పైకి లేపడంలో బరువు మోసేది మాను వెనక కట్టిన రాయి. ఓపెన్ డ్రెయిన్ ఔట్‌పుట్ ఆ మనిషి లాంటిదే. కిందికి లాగుతుంది, లేదా వదిలేస్తుంది. పైకి తేవడానికి రాయి కావాలి. పులప్ రెసిస్టరే ఆ రాయి. 1982లో ఫిలిప్స్ వారు తెచ్చిన ఐ-టు-సీ బస్ నడిచేది ఈ పద్ధతి మీదే. అందుకే బీఎస్ఎస్ 138 మాస్‌ఫెట్‌తో చేసే చవక ట్రాన్స్‌లేటరుకి రెండు వైపులా రెసిస్టర్లు తప్పవు: ఇటు 3.3 వోల్టులకి, అటు 5 వోల్టులకి. పీసీఏ 9306 చిప్పుకీ అంతే.

రాయి ఎంత బరువుండాలి? తేలికైతే బాన నెమ్మదిగా లేస్తుంది. తీగ మీద 100 పైకోఫారడ్లున్నాయనుకోండి. 10 కిలో ఓములు పెడితే సిగ్నల్ 30 శాతం నుంచి 70 శాతానికి ఎక్కడానికి 0.85 మైక్రోసెకండు పడుతుంది. 100 కిలోహెర్ట్జ్‌కి అనుమతి 1 మైక్రోసెకండు గనక గట్టెక్కుతాం. 400 కిలోహెర్ట్జ్‌కి అనుమతి 0.3 మాత్రమే, అక్కడ మునుగుతాం. రాయి మరీ బరువైతే మనిషి దించలేడు. 0.4 వోల్టుల దగ్గర 3 మిల్లీఆంపియర్లు లాగగలిగే చిప్పుకి, 5 వోల్టుల బస్ మీద సుమారు 1.5 కిలో ఓములకు తగ్గకూడదు. బజారులో కొన్న మాడ్యూళ్ళలో చాలావాటి మీద రెసిస్టర్లు ముందే ఉంటాయి. 4.7 కిలో ఓములున్నవి నాలుగు కలిపితే మొత్తం 1.2 కిలో ఓములకి దిగుతుంది. అప్పుడు కొత్తవి పెట్టడం కాదు, ఉన్నవి ఒకటో రెండో పీకాలి!

అసలు ప్రమాదం టీఎక్స్‌బీ 0108తో. అది తానే పైకీ లాగుతుంది, కిందికీ లాగుతుంది. అంచు దాటాక మాత్రం 4 కిలో ఓముల బలహీనమైన పట్టుతో నిలుపుతుంది. బయట రెసిస్టరు పెడితే 50 కిలో ఓములకు పైనే ఉండాలని తయారీదారుల డేటాషీటు చెబుతోంది. మనవాళ్ళు అలవాటుగా 4.7 తగిలిస్తారు. '0' ఉండవలసిన చోట 3.3 వైపున 1.5 వోల్టులు నిలుస్తుంది. అది సున్నా కాదు, ఒకటీ కాదు. పాపం, చిప్పు కాలిందనుకుని ఇంకోటి కొంటారు. వైవా రేపనగా ఈ తంతు! ఐ-టు-సీకి పులప్ తప్పదు గనక ఈ చిప్పు దానికి పనికిరాదు. టీఎక్స్‌ఎస్ రకాలు వాడాలి. వాటికి పులప్‌లు లోపలే ఉన్నాయి.

డైరెక్షన్ పిన్ ఉన్న 74ఎల్‌వీసీ8టీ245కి డేటా తీగల మీద ఏ రెసిస్టరూ అక్కర్లేదు. కరెంటు ఎక్కేటప్పుడు ఔట్‌పుట్‌లు మూసి ఉంచడానికి ఎనేబుల్ పిన్‌కి మాత్రం పులప్ పెట్టాలి. టీఎక్స్‌బీకయితే అదే పనికి పుల్‌డౌన్!

పాత విద్యార్థులకు గుర్తుండే ఉంటుంది, టీటీఎల్ గేటు హామీ ఇచ్చే 2.4 వోల్టులు 3.5 కోరే సీమాస్‌కి చాలక 5 వోల్టులకి ఒక రెసిస్టరు కట్టేవారు. అక్కడ అది సబబే.

మన లెక్చరర్లకు నా మనవి: లాబ్ మాన్యువల్లో "4.7 కిలో ఓములు కలుపుము" అన్న వాక్యం కొట్టెయ్యండి. ఔట్‌పుట్ ఏ రకం, లోపల పులప్ ఉందా, తీగ మీద కెపాసిటెన్స్ ఎంత, విలువ ఎలా వచ్చింది అని రికార్డులో రాయమనండి. బొమ్మకిచ్చే మార్కుల్లో సగం ఆ లెక్కకివ్వండి. డేటాషీటు తెరవని రికార్డు మీద సంతకం పెట్టకండి.