ముషీరాబాద్ నర్సన్న

1978 అసెంబ్లీ ఎన్నికల్లో ముషీరాబాద్ బరిలో ఇద్దరు కార్మిక నేతలు తలపడ్డారు. ఒకరు ఆల్విన్ కంపెనీలో కూలీగా మొదలై మంత్రి దాకా ఎదిగిన టంగుటూరి అంజయ్య. రెండోవారు దేవరకొండ వైపు నేరేడుగొమ్ము నుంచి హైదరాబాద్ నగరానికొచ్చి సోషలిస్టుగా, హింద్ మజ్దూర్ సభ నేతగా పేరు తెచ్చుకుని, ఎమర్జెన్సీలో జైలుకెళ్లిన నాయిని నర్సింహారెడ్డి. జనతా పార్టీ తరఫున నాయిని గెలిచారు. ఓడిన అంజయ్య మూడేళ్లు తిరక్కుండానే ముఖ్యమంత్రి అయ్యారు. అలాంటి పోటీ ఈ నగరం మళ్లీ చూస్తుందంటే అనుమానమే.

ముషీరాబాద్ అంటే ఆజామాబాద్ పారిశ్రామికవాడ, అందులో చార్మినార్ సిగరెట్లు చేసే వజీర్ సుల్తాన్ కంపెనీ (వీఎస్టీ), చుట్టూ కార్మికుల బస్తీలు. షిఫ్టు మారే వేళ గేటు మీటింగ్. చార్జిషీటు అందుకున్న కార్మికుడు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని ముందుగా వెళ్లేది యూనియన్ ఆఫీసుకే. సంజాయిషీలో ఏం రాయాలో, ఏది రాయకూడదో నాయకుడికి తెలియాలి. వేతన ఒప్పందం గడువు, బోనస్ లెక్క నోటికి రావాలి. అదే కార్మికుడు సాయంత్రం రేషన్ కార్డు కోసమో, నల్లా కనెక్షన్ కోసమో ఆయన ఇంటి తలుపు తడతాడు. యూనియన్ నాయకుడు ఎమ్మెల్యే అయ్యే దారి అదే. నాయిని 1985లో, 2004లో మళ్లీ గెలిచింది కూడా ముషీరాబాద్ నుంచే.

ఆ దారి ఇప్పుడు ఇరుకైపోయింది. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం కార్యవర్గంలో సగం దాకా బయటివారిని అనుమతించింది. 2001 సవరణ దాన్ని మూడో వంతుకో, అయిదుగురికో, ఏది తక్కువైతే అంతకు తగ్గించింది. నిజానికి చట్టం కన్నా మూతపడ్డ ఫ్యాక్టరీలు, కాంట్రాక్టు కొలువులే యూనియన్లను ఎక్కువ దెబ్బతీశాయి.

తెలంగాణ వచ్చాక 2014లో నాయిని హోం, కార్మిక శాఖలు రెండూ చేపట్టారు. చిక్కు అక్కడే వచ్చింది. 2017లో ఇందిరా పార్కు ధర్నా చౌక్‌లో నిరసనలకు అనుమతులు ఆగిపోయాయి. నిర్ణయం ఆయన ఒక్కరిదే కాకపోవచ్చు. ఆ ప్రభుత్వంలో ఏ మంత్రి మాట ఎంత చెల్లేదో అందరికీ తెలిసిందే. అయినా ధర్నాలతో ఎదిగిన మనిషి హోం మంత్రిగా ఉండగా ధర్నా చౌక్ మూతపడటం ఆయన అభిమానులకూ మింగుడు పడలేదు. హైకోర్టు జోక్యంతో 2018లో గానీ అక్కడ మళ్లీ టెంటు లేవలేదు.

2020 అక్టోబర్ 22న నాయిని కన్నుమూశారు. నాలుగు రోజులకే భార్య అహల్య కూడా వెళ్లిపోయారు. 2023లో ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా కట్టిన ఉక్కు వంతెనకు ఆయన పేరు పెట్టారు. ఒక కొస ధర్నా చౌక్ దగ్గర, మరో కొస ఆయన యూనియన్ నడిపిన ఫ్యాక్టరీ దగ్గర. పేరు బాగా కుదిరింది. గద్దె మీద ఎవరున్నా, వంతెన మొదట్లో ధర్నాకు దరఖాస్తు పెట్టుకున్న కార్మికుణ్ణి పోలీసు స్టేషన్ల చుట్టూ తిప్పకుండా అనుమతి ఇస్తే ఆ పేరుకు న్యాయం చేసినట్టు.