లేజరు మహిమకు వోచరు ఉందా?

'అవాంఛిత రోమాలు శాశ్వతంగా మాయం' అనే ప్రకటనలు మా ఖరగ్‌పూర్ లాంటి రైల్వే ఊళ్ళకూ వచ్చేశాయి. పెళ్ళీడు ఆడపిల్లలున్న ఇళ్ళలో వీటిని ఆశగా చదువుతున్నారు. రక్షణ శాఖ లెక్కల విభాగంలో రిటైరయిన నాకు వోచరు చూడకుండా బిల్లు పాస్ చేసే అలవాటు లేదు. బాబాల మహిమల్ని ప్రశ్నించే మనం యంత్రాల మహిమల్ని మాత్రం ఎందుకు వదిలెయ్యాలి?

ఎండలో తెల్లచొక్కా కంటే నల్లకోటు ఎక్కువ వేడెక్కుతుందని మా టి.టి.ఇ.లకు చెప్పనక్కరలేదు. లేజరు సూత్రమూ అదే. వెంట్రుకకు నలుపునిచ్చే మెలనిన్ ఆ కాంతిని పీల్చుకుని వేడెక్కుతుంది. ఆ వేడికి వెంట్రుక కుదురు దెబ్బతింటుంది. 1983లో ఆండర్సన్, పారిష్ అనే అమెరికా వైద్యులు ఈ సూత్రాన్ని వివరించారు.

పెరిగే దశలో ఉన్న వెంట్రుకల మీదే ఇది బాగా పనిచేస్తుంది. అన్నీ ఒకేసారి ఆ దశలో ఉండవు. అందుకే కొన్ని వారాల ఎడంతో 6 నుంచి 8 సార్లు వెళ్ళాల్సి వస్తుంది. ఆ తర్వాతా కొన్ని మళ్ళీ మొలవవచ్చు. అమెరికాలోని ఎఫ్.డి.ఎ. కూడా 'శాశ్వత తగ్గింపు' అన్న మాటనే ఒప్పుకుంది. పూర్తి నిర్మూలన అననివ్వలేదు.

మరి ఎవరికి తగును? నల్లని, ముతక వెంట్రుకలున్నవారికి. నెరిసిన వెంట్రుకలో మెలనిన్ ఉండదు కాబట్టి నా వయసువాళ్ళకు డబ్బు దండగ. చామనఛాయ, నలుపు చర్మంలోనూ మెలనిన్ ఎక్కువే. తగని యంత్రం వాడితే చర్మమే కాలి మచ్చలు పడతాయి. 1064 నానోమీటర్ల ఎన్‌డి-యాగ్ లేజరును పైచర్మపు మెలనిన్ తక్కువగా పీల్చుకుంటుంది. మన రంగుకు అదే ఎక్కువ క్షేమం. పచ్చబొట్టు మీద లేజరు పెట్టించకూడదు. గర్భిణులు వాయిదా వేసుకోవడం మంచిది.

అసలు సంగతి ఇంకొకటుంది. నెలసరి సరిగా రాక, గడ్డం మీద ముతక రోమాలు వస్తుంటే అది పి.సి.ఒ.ఎస్. కావచ్చు. హార్మోన్ల తేడాను లేజరు సరిచెయ్యదు, గ్రహశాంతీ సరిచెయ్యదు. ముందు డాక్టరుకు చూపించండి. లేజరే కావాలనుకుంటే చర్మవైద్యుల దగ్గరకే వెళ్ళండి. ఏ యంత్రమో అడగండి. ముందు కొద్దిచోట పరీక్షించి చూడమనండి.

ఒంటి మీద వెంట్రుక ఉండటం నేరం కాదు. తీయించుకోవాలో వద్దో తేల్చుకోవలసింది ఆ అమ్మాయే. పెళ్ళిచూపులకు వచ్చేవాళ్ళకు అందులో ఓటు లేదు.