ఇంజనుకు దమ్ము ఎక్కడిది?

'దమ్ము' అనే మాట ఉర్దూ తెలుగులకు ఉమ్మడి ఆస్తి. ఫారసీలో 'దమ్' అంటే ఊపిరి. ఉర్దూలో ఊపిరి, సత్తువ రెండూ ఆ ఒక్క మాటలోనే ఇమిడి ఉన్నవి. తెలుగువాడు ఆ మాటను సత్తువ అనే అర్థంలోనే ఎక్కువగా వాడుకొన్నాడు. మోటారుకారు విషయంలో మన యువకులు చేస్తున్నది కూడా ఇదేనని మా అభిప్రాయం. ఇంజనుకు సత్తువ కావాలంటున్నారు గాని, దాని ఊపిరిని గురించి ఆలోచించడం లేదు.

ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలలోను, వాటి నడుమనున్న మా పెద్దకడుబూరు ప్రాంతంలోను పాతకారు కొన్న యువకుడు షెడ్డులోని ఉస్తాదును అడిగే ప్రశ్న ఒక్కటే: "పికప్ పెంచగలవా?" ఈ కోరిక తప్పని మేము అనము. ఉన్నదానిని మెరుగుపరచుకోవాలనుకోవడం మానవ సహజం. అయితే ఆ మెరుగు ఏ దారిన వస్తుందో తెలియక చేతిలోని సొమ్మును, ఒక్కొక్కప్పుడు ప్రాణాన్ని కూడా పణంగా పెట్టడమే మాకు విచారం కలిగిస్తున్నది.

గాలిని బలవంతంగా లోపలికి కూరే టర్బో వంటి సాధనమేదీ లేక, పిస్టన్ కిందికి దిగినపుడు తనంతట తాను పీల్చుకొనే గాలితోనే నడిచే ఇంజనును మనము 'స్వయంశ్వాస ఇంజను' అని పిలుచుకొందాము. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువులో సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. గాలి చాలనప్పుడు పెట్రోలు ఎంత పోసినా మిగిలేది నల్లని పొగయే. పిండి కొద్దీ రొట్టె అన్నారు పెద్దలు. ఇక్కడ పిండి పెట్రోలు కాదు, గాలి.

ఇక మన ప్రాంతపు గాలి సంగతి చూడండి. 15 డిగ్రీల గాలికంటె వేసవిలోని 45 డిగ్రీల గాలి సుమారు పదింట ఒక వంతు పలుచన. బానెట్టు కింది గాలి అంతకంటె వేడి. కంపెనీ ఇచ్చిన ఫిల్టరు పెట్టెను తీసివేసి, పైమూత లేని ఫిల్టరును ఇంజను పక్కనే బిగించేవారు ఆ వేడిగాలినే ఇంజనుకు తాగిస్తున్నారు. డబ్బిచ్చి నీరసాన్ని కొని తెచ్చుకోవడమంటే ఇదే. బయటి చల్లని గాలి గొట్టం ద్వారా లోపలికి వచ్చే ఏర్పాటు చెడకుండా చూచుకొంటే అంతకంటె మేలు. అసలు ఫిల్టరే లేకుండా నడిపేవారి గతి మరీ కనికరింపదగినది. నల్లరేగడి దారుల ధూళి లోపలికి చేరి రింగులను, సిలిండరు గోడలను ఆకురాయివలె అరగదీస్తుంది. సైలెన్సరు పీకివేసినవారికి కూడా పెరిగేది చప్పుడే. చప్పుడును శక్తి అని భ్రమించరాదు.

ఊపిరి సరిచేస్తే శక్తి పెరుగుతుందనడానికి మన దేశపు రోడ్లమీదనే నిదర్శనమున్నది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 కారు ఇంజను సామర్థ్యం 796 ఘన సెంటీమీటర్లు. శక్తి సుమారు 37 అశ్వశక్తులు. తరువాత 2000 ప్రాంతంలో అంతే సామర్థ్యం గల ఇంజనుకు సిలిండరుకు నాలుగేసి చొప్పున పన్నెండు వాల్వులు పెట్టి, కార్బొరేటరు స్థానే ఇంధనాన్ని కొలిచి చిమ్మే పద్ధతిని ప్రవేశపెట్టగా అది సుమారు 45 అశ్వశక్తులైనది. సిలిండరు పెరగలేదు, టర్బో రాలేదు. గాలి వచ్చిపోయే దారి విశాలమైనది, ఇంధనానికి లెక్క కుదిరినది.

లేత్ మిషను దగ్గర బోరు పెద్దది చేయిస్తే చాలుననేవారు ఈ లెక్క చూడాలి. 1489 ఘన సెంటీమీటర్ల పాత అంబాసిడరు ఇంజనులో సిలిండరు వ్యాసం 73 మిల్లీమీటర్లు. దానిని మరొక మిల్లీమీటరు పెంచితే సామర్థ్యం సుమారు 1530 అవుతుంది. అంటే నూటికి మూడు పాళ్లయినా పెరగదు. క్యామ్ షాఫ్టు మార్చి వాల్వులను ఎక్కువసేపు తెరచి ఉంచితే శక్తి పెరిగే మాట నిజమే గాని, అది ఇంజను మిక్కిలి వేగంగా తిరిగినప్పుడే. మన గుంతల దారులలో, నలుగురిని ఎక్కించుకొని మెల్లగా లాగవలసిన చోట ఉన్న బలం కూడా తగ్గుతుంది. టర్బో మాట వేరు. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూఖి 1905లోనే ఆ ఆలోచనకు పేటెంటు పొందినాడు. కాని దానికై నిర్మించని ఇంజనుకు దానిని తగిలిస్తే అధికమైన ఒత్తిడికి, వేడికి పిస్టన్లే బలి అవుతాయి.

కనుక మా సలహా ఇది. కొత్త శక్తిని కోరే ముందు పోయిన శక్తిని రాబట్టుకోండి. ఒక్కొక్క సిలిండరు ఒత్తిడిని గేజీతో కొలిపించండి. వాల్వులు సరిగా కూర్చుంటున్నవా, టాపెట్ల సందు సరిగా ఉన్నదా, ఇగ్నిషను సమయానికి అందుతున్నదా, ఫిల్టరు శుభ్రంగా ఉన్నదా పరీక్షించండి. ముసలిదైన ఇంజను కోల్పోయిన బలం, మీరు వేలు పోసి కొనదలచిన బలంకంటె ఎక్కువగా ఉండవచ్చును.

ఆ తరువాత కూడా శక్తి కావాలంటే ముందుగా బ్రేకులను, టైర్లను, రేడియేటరును చూచుకోండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండికంటె 85 కిలోమీటర్ల వేగంతో పోయే అదే బండిని ఆపడానికి బ్రేకులు రెట్టింపు శక్తిని హరించవలసి ఉంటుంది. ఆ సమయంలో ఎదురుగా ఎద్దులబండి ఉండవచ్చు, బడినుండి ఇంటికి పోయే పిల్లలుండవచ్చు. శాసనాన్ని కూడా మరువరాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ నిర్ణయించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని ధ్రువపరచినది. అదే సంవత్సరపు సవరణ మేరకు అట్టి ఒక్కొక్క మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని విధింపవచ్చును.

మరొక్క మాట. మన షెడ్లలోని ఉస్తాదులలో చెవితో విని రోగం చెప్పగలవారున్నారు. వారి నేర్పు గొప్పది; కాని అది కాగితం మీదికి రావడం లేదు. చిన్ననాడే బడి మాని స్పానరు పట్టిన శాగిర్దుకు పని తెలుస్తున్నది గాని, ఆ పని వెనుకనున్న లెక్క తెలియడం లేదు. మన విద్యార్థికి లెక్క తెలుసును, స్పానరు తెలియదు. వీరిద్దరిని ఒకచోట కూర్చుండబెట్టడం మన కళాశాలకు అసాధ్యం కాదు. విద్యార్థులారా! ఈ సెలవులలో గేజీని, నోటుపుస్తకాన్ని వెంటబెట్టుకొని షెడ్డుకు పోండి. ఉస్తాదు చేసిన ప్రతి మార్పుకు ముందూ వెనుకా కొలిచి, తెలుగులోనో ఉర్దూలోనో వ్రాసి ఉంచండి. ఊపిరి లెక్క తెలిసిననాడు దమ్ము దానంతట అదే వస్తుంది.